ఎక్కడ ఆగుతున్నాడో చూడండి

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా ప్రాథమిక తరగతుల పిల్లల తల్లిదండ్రులతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే పనులు తెముల్చుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. పిల్లలు పక్క గదిలో బొమ్మల పుస్తకాలు చూస్తున్నారు. వాళ్లను అక్కడ కూర్చోబెట్టమని నేనే అడిగాను. "వీడికి చదవడం రాదండీ" అనే మాట పిల్లవాడి ఎదుట అనకూడదు. వాడు విననట్టే ఉంటాడు గానీ అంతా వింటాడు.

మీలో చాలామంది నాతో చెప్పేది దాదాపు ఇదే. "మావాడికి అన్నీ తెలుసు మేడమ్. నోటితో అడిగితే టకటకా చెబుతాడు. పుస్తకం తెరిస్తే మాత్రం నీళ్లు నములుతాడు." ఆ వెంటనే, "అంతా బద్ధకం మేడమ్, సెల్‌ఫోన్ ఇస్తే గంటలు గంటలు కూర్చుంటాడు" అంటారు. మొదట చెప్పినదాంట్లో చాలా విలువైన సమాచారం ఉంది. దాన్ని రెండో మాటతో మనమే కొట్టిపారేస్తున్నాం.

1896లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతంలో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు ఒక పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ అబ్బాయి తెలివైనవాడు, లెక్కలు బాగా చేస్తాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు. ఏళ్ల తరబడి చదువు చెప్పించారు. అయినా చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు, తన పేరు రాయమంటే పెర్సీ అన్న పేరులోనే అక్షరాలు తారుమారు చేశాడు. చదువంతా నోటితోనే సాగితే బడి మొత్తంలో ఇతనే అందరికన్నా చురుకైనవాడు అని వాళ్ల మాస్టారు చెప్పారట. మీరు నాతో చెబుతున్నది కూడా అదే కదా! తెలివి ఉన్నా చదవడం మాత్రం కష్టమయ్యే ఈ ఇబ్బందిని ఇప్పుడు మనం డిస్లెక్సియా అంటున్నాం, దాని గురించి వైద్యులు రాసిన తొలి కథనాల్లో ఇది ఒకటి. తెలివికీ చదవగలగడానికీ ముడిపెట్టకూడదని తెలిసి నూరేళ్లు దాటింది. మన ఇళ్లలో ఇంకా ముడిపెడుతూనే ఉన్నాం.

అలాగని చదవలేని ప్రతి బిడ్డకూ డిస్లెక్సియా ఉందని అనుకోవద్దు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన, పిల్లలకు చదువు ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ సర్వేలో పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి ఒక్కో పిల్లవాడి చేత విడిగా చదివిస్తారు. 2024 నివేదిక ప్రకారం మన దేశంలోని పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగినవాళ్లు సగం కంటే కాస్త తక్కువ. ఇంతమంది పిల్లలకు పుట్టుకతో ఇబ్బంది ఉండదు కదా. ఎక్కువమందికి ఒకటి రెండు తరగతుల్లోనే పునాది సరిగా పడలేదు, ఆ తర్వాత ఎవరూ వెనక్కి వచ్చి చూడలేదు. వాళ్లలోనే కొందరు నిజంగా డిస్లెక్సియా ఉన్న పిల్లలు. బయటి నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా ఉంటారు. మొదట చేయాల్సింది కూడా ఇద్దరికీ ఒకటే. చదువు ఎక్కడ ఆగుతోందో కనిపెట్టి, అక్కడి నుంచి ఓపిగ్గా నేర్పాలి. అలా కొన్ని నెలలు నేర్పితే ఒకరు అందుకుంటారు. ఇంకొకరికి అంతకంటే ఎక్కువ సాయం కావాలని అప్పుడు తెలుస్తుంది.

కొళాయిలో నీళ్లు రాకపోతే ఏం చేస్తాం? ట్యాంకు ఖాళీ అయిందా, మోటారు కాలిందా, పైపులో ఏదైనా అడ్డం పడిందా అని చూస్తాం. పిల్లవాడి విషయంలో మాత్రం "ఇంకా బాగా చదువు" అని ఊరుకుంటాం, లేదంటే ఇంకో ట్యూషన్‌లో వేస్తాం. ఆ ట్యూషన్‌లో కూడా అదే పాఠం, అదే వేగం.

అందుకని ఈ వారంలో ఒకరోజు, తీరిగ్గా ఉన్నప్పుడు, ఒక పావుగంట పిల్లవాడి పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే పరీక్ష పెట్టినట్టు ఉంటుంది, పక్కనే కూర్చోండి. వాడి తరగతి పుస్తకం వద్దు, అందులో సగం పాఠాలు నోటికి వచ్చేసి ఉంటాయి. ఈ గ్రంథాలయం నుంచి రెండో తరగతి స్థాయి కథ ఒకటి, వాడు ఎప్పుడూ చూడనిది, తీసుకెళ్లండి. చదవమనండి. మీ చేతిలో ఒక కాగితం, పెన్సిల్. పుస్తకంలో ఏముందో ఒక పక్క, వాడు ఏమని చదివాడో ఇంకో పక్క రాయండి. తప్పు దిద్దకండి, అయ్యో అనకండి. పేరా చదవలేకపోతే విడి మాటలు, అవీ రాకపోతే అక్షరాలు చూపించండి, అదీ వరసలో కాకుండా కలగాపులగంగా. ఆ రోజు ఏమీ నేర్పొద్దు. ఆ కాగితం దాచుకోండి. ప్రోగ్రెస్ కార్డులో మార్కులు ఉంటాయి గానీ ఈ కాగితంలో ఉన్న సంగతులు ఉండవు.

ఆ కాగితంలో ఏం కనబడుతుందో చెబుతాను. ఇక్కడ కొంచెంసేపు ఆగుదాం, మన తెలుగు లిపి సంగతి తెలియకుండా మన పిల్లల ఇబ్బంది అర్థం కాదు.

ఇంగ్లీషులో అక్షరాలు 26. మనకు 36 హల్లులకు ఒక్కొక్కదానికి పన్నెండు గుణింతపు రూపాలు వేసుకున్నా 400 దాటిపోతాయి. వత్తులు ఇంకా లెక్కలోకి రాలేదు. పైగా ప, వ, ష చూడటానికి దగ్గర దగ్గరగా ఉంటాయి. మ, య కూడా అంతే. 'వు'కీ 'మ'కీ ఉన్న తేడా ఏమిటని మీరే ఒకసారి కాగితం మీద రాసి చూడండి, కొమ్ము ఎక్కడ మొదలైందన్నదే తేడా. మనకు అలవాటైపోయింది కాబట్టి కనబడదు. ఆరేళ్ల పిల్లకు అది పెద్ద చిక్కు. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపిని పిల్లలు ఎలా నేర్చుకుంటారో సోనాలీ నాగ్ పరిశోధించారు, అది 2007లో అచ్చయింది. నాలుగో తరగతికి వచ్చినా పిల్లలు ఇంకా అక్షరాలు నేర్చుకుంటూనే ఉంటారని అందులో తేలింది. మనం మాత్రం ఒకటో తరగతిలోనే "అక్షరాలు అయిపోయాయి" అనేస్తాం.

సరే, కాగితం చూద్దాం. 'పడవ' అని ఉంటే 'వడవ' అన్నాడు. అంటే ఒకేలా కనిపించే అక్షరాల దగ్గర తడబడుతున్నాడు. ఆ రెండింటినీ ఒకేసారి పక్కపక్కన పెట్టి "చూడు, ఇది ప, ఇది వ" అని చెబితే ఇంకా కలిసిపోతాయి. ముందు 'ప' ఒక్కటే గట్టిపడాలి. పళ్లెంలో బియ్యం పోసి, 'ప' అని పలుకుతూ వేలితో పెద్దగా రాయించండి. పలక, పడవ, పనస, పాప. కళ్లు మూసుకుని రాయగలిగాక, కొన్ని రోజులు ఆగి, 'వ' మొదలుపెట్టండి. ఆ తర్వాతే రెండూ కలపండి.

'కాలం' అని ఉంటే 'కలం' అన్నాడు. 'కొడి' అన్నాడు, అక్కడున్నది 'కోడి'. దీర్ఘం దగ్గర చెవి పట్టుకోలేకపోతోంది. దీనికి పుస్తకం కంటే నోరే మేలు. పడు, పాడు, కలం, కాలం, వన, వాన అంటూ దీర్ఘం వచ్చినప్పుడు చేతులు చాచమనండి, ఆటలా ఆడుతారు. 'కు' కనపడగానే 'కుందేలు' అన్నాడు, అక్కడున్నది 'కుక్క'. అది చదవడం కాదు, ఊహించడం. బొమ్మ మీద అట్టముక్క పెట్టి చదివించండి.

ఇక 'వస్తే' అని ఉంటే 'వసేత' అన్నాడు. ఇది చూస్తే పెద్దవాళ్లకు ఒళ్లు మండుతుంది, "కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు?" అంటారు. వాడు కళ్లు సరిగ్గానే పెట్టాడు. ఆ మాటలో ఏత్వం 'స' నెత్తి మీద ఉంది. 'త' వత్తు కింద ఉంది. కనబడిన వరసలో చదివితే 'సే', తర్వాత 'త'. పలకాల్సింది మాత్రం ముందు 'స్', తర్వాత 'త్', ఆఖరున 'ఏ'. గుర్తు పైనున్న అక్షరానికి తగిలించి, శబ్దం కిందున్న వత్తుకు ఇస్తాం. ఈ సంగతి పిల్లలకు ఎవరూ విడమర్చి చెప్పరు. చాలామంది వాళ్లంతట వాళ్లే పట్టేస్తారు. పట్టుకోలేని పిల్లలకు చెప్పాలి. కాగితం మీద 'వస్ తే' అని విడదీసి రాయండి, చదివించండి. దాని కిందే 'వస్తే' అని రాయండి. రెండూ ఒకటేనని చూపించండి. 'పుస్ తకం', 'పుస్తకం'. 'పక్ షి', 'పక్షి'. అంతకుముందు అక్క, అమ్మ, అన్న లాంటి మాటలు, అంటే ఏ అక్షరానికి ఆ వత్తే ఉన్నవి, బాగా రావాలి. వేర్వేరు వత్తులున్న మాటలు ఆ తర్వాత. మూడు హల్లులు కలిసిన 'స్త్రీ' లాంటివి మరీ చివర. ఒక్కో వత్తు మీద ఒక వారం ఉన్నా నష్టమేమీ లేదు.

నాలుగో తరగతి చదివే ఒక పాప గురించి చెప్పాలి. ఊరు, పేరు వద్దు. క్లాసులో చాలా నెమ్మది, నోట్సులు ముత్యాల్లా ఉంటాయి, ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. తెలుగు పాఠం తీయమంటే తీసి, వేలు పెట్టి, రాగంతో చదివేసింది. చదువుతుండగా వేలి వంక చూశాను. నోరు మూడో వరసలో ఉంది, వేలు ఇంకా రెండో వరసలో ఉంది. ఆపి, మధ్యలో ఒక మాట చూపించి, "ఇది ఏమిటమ్మా?" అని అడిగాను. ఆ పాప వెంటనే జవాబు చెప్పలేదు. వేలు ఆ వరస మొదటికి తీసుకెళ్లి, పెదవులు కదుపుతూ మొదటి నుంచి గొణుక్కుంటూ వచ్చి, ఆ మాట దగ్గర ఆగి గట్టిగా చెప్పింది. మాట కరెక్టే. కానీ చదివింది కాదు, లెక్కపెట్టుకుంది. 'కె' చూపించమంటే క, కా, కి, కీ అనుకుంటూ గుణింతం మొదటి నుంచి నడిచింది. ఆ బిడ్డ జ్ఞాపకశక్తి ఎంత గొప్పదో ఆలోచించండి! పుస్తకాలకు పుస్తకాలు విని గుర్తుపెట్టుకుని మూడేళ్లు నెట్టుకొచ్చింది. మగపిల్లలు అల్లరి చేస్తారు, బల్లలు గుద్దుతారు, అందుకని టీచర్ల కంట పడతారు. ఇలాంటి ఆడపిల్లలు ఎవరి కంటా పడరు. మీ అమ్మాయి నెమ్మదస్తురాలైతే ఆ కాగితం పరీక్ష తప్పకుండా చేయండి.

ఆ పాపతో ఇంట్లోవాళ్ల పేర్లతోనే మొదలుపెట్టాం. అమ్మ పేరు, నాన్న పేరు, అత్తయ్య పేరు అట్టముక్కల మీద రాసి, అక్షరాలు కత్తిరించి, కలిపి కొత్త మాటలు చేయడం. గుణింతం పాటగా పాడటం పూర్తిగా ఆపించాం. ఏడాది చివరికి ఎప్పుడూ చూడని కథను మెల్లగా, కూడబలుక్కుంటూ, తనంతట తనే చదివింది. ఇప్పటికీ వేగం తక్కువే.

వేగం గురించి కూడా ఒక మాట. ఇంగ్లీషులో ఒక అక్షరం ఒక్కోచోట ఒక్కోలా పలుకుతుంది కాబట్టి ఇబ్బంది ఉన్న పిల్లలు తప్పులు చదువుతారు. మనం రాసిందే పలుకుతాం. అందువల్ల అక్షరాలు వచ్చాక మన పిల్లలు తప్పులు తక్కువ చేస్తారు, కానీ చాలా నెమ్మదిగా చదువుతారు. "చదువుతున్నాడుగా" అని మనం వదిలేస్తాం. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతాడు, ప్రశ్నలకు జవాబు రాయలేడు, మార్కులు పోతాయి. దీనికి మందు ఒక్కటే, ఒకే చిన్న పేరాను మళ్లీ మళ్లీ చదవడం. ముందు మీరు చదవండి, వాడు వింటూ వేలితో అనుసరిస్తాడు. తర్వాత ఇద్దరూ కలిసి గొంతు కలపండి. ఆ తర్వాత వాడొక్కడూ. మర్నాడు మళ్లీ అదే పేరా. మూడో రోజుకు గొంతులో వచ్చే తేడా మీకే తెలుస్తుంది, వాడికీ తెలుస్తుంది. మాట దగ్గర ఆగితే మనసులో అయిదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే మీరే చెప్పేసి ముందుకు సాగండి. ప్రతి మాట దగ్గరా కుస్తీ పట్టిస్తే కథ చచ్చిపోతుంది.

రోజుకు పావుగంట చాలు, కానీ రోజూ ఉండాలి. బడి నుంచి రాగానే వద్దు. ఏదైనా తిని, ఆడుకుని వచ్చాక కూర్చోండి. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి మిగతా వారమంతా వదిలేస్తే ఏమీ నిలవదు.

ఇక్కడ కొందరు అమ్మలు తలదించుకుని కూర్చున్నారు, చూస్తున్నాను. "మాకే చదువు రాదు, మేమేం నేర్పుతాం" అనే కదా? మీరు చేయగలిగింది చాలా ఉంది, అందులో కొంత చదువుకున్నవాళ్లు అసలు పట్టించుకోరు. చదవడానికి ముందు చెవికి శబ్దాలు విడివిడిగా వినపడాలి. అది కంటితో పని లేని విద్య. వంట చేస్తూ అడగండి: "పలకలో 'ప' తీసేస్తే ఏం మిగిలింది?" "లక." "మామిడిని వెనక నుంచి చెప్పు." "డిమిమా." వికటకవిని వెనక నుంచి చెప్పమంటే పిల్లలు ఎంత ఆశ్చర్యపోతారో చూడండి, తెనాలి రామకృష్ణుడి కథ కూడా అప్పుడే చెప్పండి. కాలు, పాలు, నాలు, ఇంకేమున్నాయి? అంత్యాక్షరి ఆడండి, పొడుపు కథలు వేయండి. ఇవన్నీ చదువే. రాత్రి మీకు వచ్చిన కథ చెప్పండి. నానమ్మకు చదివి వినిపించమని పిల్లవాడికి చెప్పండి. తప్పులు పట్టకుండా, "ఆ తర్వాత ఏమైంది?" అని అడిగే శ్రోత నానమ్మ కంటే ఎవరున్నారు?

చదువు వచ్చిన తల్లిదండ్రులు ఇంకో పని చేయాలి. పిల్లవాడు తనంతట తను చదవలేని పుస్తకాలు మీరు చదివి వినిపించాలి, పదేళ్లు వచ్చినా సరే. చదవడం ఆలస్యమైన పిల్లవాడికి కథలు, కొత్త మాటలు, లోకజ్ఞానం కూడా ఆలస్యం కాకూడదు. తోటివాళ్లు పుస్తకాల్లోంచి తెలుసుకుంటున్నవి వీడికి మీ గొంతులోంచి అందాలి. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే సంస్థ ప్రచురణలు తక్కువ ధరకే వస్తాయి.

ఇంగ్లీషు మీడియం గురించి మీ టెన్షన్ నాకు తెలుసు. క్లుప్తంగా చెబుతాను. "సీ ఏ టీ క్యాట్" అని అక్షరాల పేర్లు బట్టీ పట్టించడం వల్ల చదవడం రాదు. సీ, ఏ, టీ కలిపితే క్యాట్ ఎలా అవుతుంది? ఆ అక్షరాలు పలికే శబ్దాలు నేర్పాలి: క్, యా, ట్. ఇంట్లో మాట్లాడే తెలుగులో ముందు చదవడం వస్తే, చదవడం అంటే ఏమిటో పిల్లవాడికి అర్థమవుతుంది, ఇంగ్లీషుకూ అది పనికొస్తుంది. తెలుగు మాన్పించి ఇంగ్లీషు మీదే దృష్టి పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం దయచేసి వినొద్దు.

కొన్ని పనులు ఇవాళే ఆపేయండి. తప్పు చదివిన మాట పదిసార్లు రాయించడం. చుట్టాలు వచ్చినప్పుడు "ఏదీ, మావయ్యకు చదివి వినిపించు" అనడం. "మీ అక్కను చూడు" అనడం. చదువులో వెనకబడ్డాడని ఆటలు, బొమ్మలు వేయడం మాన్పించడం. వాడు గెలిచేది అక్కడొక్కచోటే కదా, అదీ తీసేస్తే ఎలా? కొట్టడం గురించి చెప్పనక్కర్లేదు. బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. ఇంట్లోనూ అలాగే ఉండాలని నా కోరిక. జ్ఞాపకశక్తి సిరప్‌లకు డబ్బు తగలేయకండి. రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు డిస్లెక్సియాను తగ్గిస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే కలిసి ప్రకటించాయి.

కంటిచూపు, వినికిడి పరీక్షలు మాత్రం మొట్టమొదట చేయించండి. తరచూ జలుబు చేసి చెవులు మూసుకుపోయే పిల్లలకు శబ్దాలు సరిగా వినపడవు, బోర్డు కనిపించని పిల్లలు ఆ సంగతి చెప్పరు. ప్రభుత్వ బాలల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద బడికి వచ్చే డాక్టర్ల బృందానికి కూడా ఈ విషయం చెప్పవచ్చు. వాళ్లు చూడాల్సిన జాబితాలో అభ్యసన సమస్యలు కూడా ఉన్నాయి.

నాలుగైదు నెలలు రోజూ నేర్పినా కదలిక లేకపోతే, మాటలు ఆలస్యంగా వచ్చి ఉంటే, ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు ఇదే ఇబ్బంది ఉండి ఉంటే, ఆలస్యం చేయకండి. ఇది వంశంలో రావచ్చు. మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లల ఉపాధ్యాయులు ఉంటారు, ముందు వాళ్లతో మాట్లాడండి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ తయారుచేసిన పరీక్షలతో సైకాలజిస్టులు అంచనా వేస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యం కూడా ఒకటి. 1995 చట్టంలో ఇది లేదు. ఈ వైకల్యం ఉందని తెలిపే సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు వస్తాయి. సీబీఎస్ఈలో మూడు గంటల పరీక్షకు ఒక గంట ఎక్కువ ఇస్తారు. "సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లవాడి మీద ముద్ర పడుతుంది" అని చాలామంది భయపడతారు. బడిలో మొద్దు అనే ముద్ర ఇప్పటికే పడి ఉంది. దాన్ని చెరిపే కాగితం ఇది. ఎనిమిదేళ్లు వచ్చాకే ఈ సర్టిఫికెట్ ఇస్తారు, కానీ నేర్పడానికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. అయిదేళ్ల పిల్లకు అనుమానం వచ్చినా ఆ రోజే మొదలుపెట్టండి.

టీచర్లు కూడా వచ్చారు. మీ క్లాసులో ఎంతమంది ఉంటారో, సిలబస్ ఎలా తరుముతుందో తెలిసే అడుగుతున్నాను. క్లాసులో వరసగా పైకి లేపి చదివించేటప్పుడు ఈ పిల్లల్ని హఠాత్తుగా లేపకండి. ఏ పేరా చదవాలో ముందురోజే చెప్పండి, ఇంట్లో చదువుకుని వస్తారు. పరీక్షలో ప్రశ్న చదివి వినిపిస్తే సైన్సు, సోషల్ జవాబులు చెప్పగలరేమో ఒకసారి అడిగి చూడండి.

ఇక నేను ఆపుతాను. మధ్యాహ్నం దాకా ఆ కిటికీ పక్కన బల్ల దగ్గరే ఉంటాను. పిల్లల తెలుగు నోటుపుస్తకాలు తెచ్చినవాళ్లు తీసుకురండి, కలిసి చూద్దాం. రెండో తరగతి స్థాయి కథల పుస్తకాలు లైబ్రేరియన్ గారు వేరే తీసి కౌంటర్ మీద పెట్టారు. సభ్యత్వం లేనివాళ్లు ఇవాళే రాయించుకుని ఒకటి ఇంటికి తీసుకెళ్లండి.